జాడీ దిగి వెళ్లిన హె కన్య

పొద్దు బారెడెక్కినా చాంగ్ నది మీద మంచు ఇంకా విడవలేదు. ఆ మంచులోంచి లువో బింగ్‌కున్ అనే పెద్దమనిషి ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి చెప్పు లేకుండా పడవల రేవుకి పరుగెత్తుకొచ్చాడు.

"డిటెక్టివ్ తాన్ మూయున్ గారి పడవ ఇదేనా బాబూ?"

పడవ ముందర కూర్చుని కుడుములు ఆవిరి పెడుతున్న క్వాంగ్ దెషెంగ్ తలెత్తాడు. "ఇదే. అయ్యగారు నిద్రలో ఉన్నారు."

"లేపండి, కొంప మునిగింది!"

"లేపకూడదు. ఏదో కేసు మీద ఉన్నట్టున్నారు. ఇందాకే 'అటు కాదు, ఎడమ పక్కకి' అన్నారు."

తాన్ మూయున్ కలల్లోనే కేసులు తేలుస్తాడని, పింగాణీ పాత్రలకి పేరుపడ్డ ఆ జింగ్‌దెజెన్ ఊరంతా చెప్పుకునేవారు. పోయిన బాతుల పడవని కలలో తెడ్డు వేసుకుంటూ వెళ్లి పట్టుకున్నాడనీ, పొద్దున లేచేసరికి ఆయన పంచె అంచు తడిగా ఉందనీ కూడా అనేవారు. ఈ మాటలన్నీ పుట్టించింది క్వాంగే. అంతకుముందు అతను సంతలో పళ్లు పీకేవాడు. ఆరేళ్ల కిందట తాన్ ఒక పన్ను పీకించుకుందామని వచ్చి, కుర్చీలో కూర్చున్న కాసేపట్లోనే క్వాంగ్ పట్టకారు ఎవరు దొంగిలించారో చెప్పేశాడు. ఆ రోజే క్వాంగ్ దుకాణం మూసి ఆయన వెంట నడిచాడు. ఆ పన్ను మాత్రం ఇప్పటికీ ఆయన నోట్లోనే ఉంది.

లోపలి నించి బొంగురు గొంతు వినిపించింది. "వచ్చినాయన చెప్పు ఏ కాలిది ఊడింది?"

"ఎడమదండీ," అన్నాడు లువో, బిత్తరపోయి.

"అదే, ఎడమ పక్కే అన్నానుగా. లోపలికి రండి. క్వాంగూ, టీ పట్రా."

క్వాంగ్ వచ్చినాయన వంక గర్వంగా చూశాడు, చూశావా అన్నట్టు.

తాన్‌కి యాభై దాటాయి. సన్నటి మనిషి, గడ్డం మీద నాలుగే వెంట్రుకలు, సగం మూసిన కళ్లు. లువో టీ గిన్నె రెండు చేతులా పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"మా చిత్రకారుల సంఘం మందిరంలో ఒక సొరబుర్ర జాడీ ఉందండీ. చావులేని మందు కోసం పిచ్చెక్కిపోయిన ఆ జియాజింగ్ చక్రవర్తి కాలంది. తెల్ల పింగాణీ మీద నాలుగొందల ఏళ్ల నాటి నీలం రంగు. దాని మీద ఎనమండుగురు సిద్ధులు సముద్రం దాటుతుంటారు. మా వంశం వాళ్లే దానికి కాపలా. ఏడాదికి ఒక్కసారి, నాలుగో నెల పద్నాలుగున, వాళ్లలో ఒకడైన లూ సిద్ధుడి పుట్టినరోజు నాడు పెట్టెలోంచి తీసి, టీనీళ్లతో కడిగి, అందరికీ చూపిస్తాను. నిన్న తీశాను. కడుగుతూ తిప్పాను. ఏడుగురే ఉన్నారు."

"ఎవరు లేరు?"

"హె కన్య. ఎనమండుగురిలో ఒకే ఒక్క ఆడమనిషి. ఆవిడ నిలబడ్డ చోట తెల్లగా ఉందండీ! చుట్టూ మబ్బులు ఉన్నాయి, కాళ్ల కింద అల ఉంది, తామరకాడ పట్టుకున్న ఆ మనిషే లేదు. లేచి వెళ్లిపోయింది."

క్వాంగ్ చేతిలోంచి కుడుము జారి నదిలో పడింది.

"జనం ఏమన్నారు?" అన్నాడు తాన్.

లువో తల దించుకున్నాడు. "మా అమ్మాయి సుచిన్ వల్లనే అన్నారు. ఆడపిల్ల కుంచె పట్టి సిద్ధుల బొమ్మలు గీయడం ఆ తల్లికి నచ్చలేదట. సంఘం పెద్ద ఫాంగ్ హాన్‌షెంగ్ గారు అందరి ముందూ ఆ మాట అనేశారు. ఎల్లుండి సభ పెడుతున్నారు. సుచిన్ కుంచె లాక్కుంటారు. తర్వాత ఈ ఊళ్లో ఏ కార్ఖానా గడపా దాన్ని ఎక్కనివ్వరు. దానికి వేరే పని రాదండీ. మా ఊరి సంగతి మీకు తెలుసు. గీత గీసేవాడు జన్మంతా గీతే గీస్తాడు, నీలం నింపేవాడు జన్మంతా నింపుతూనే ఉంటాడు. దానికి తెలిసింది గీత ఒక్కటే."

"ఇంతకుముందు ఇలాంటిదెప్పుడైనా జరిగిందా?"

"జరిగింది," అన్నాడు లువో గొంతు తగ్గించి. "అందుకే నాకు భయం. సుచిన్‌కి అయిదేళ్లప్పుడు, మా పెయ్ అన్న, నేనూ ఆయనా ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాంలెండి, దానికోసం ఇంకా కాల్చని పచ్చిగిన్నె మీద హె కన్య బొమ్మ గీసిచ్చాడు. బట్టీలోంచి తీస్తే తెల్లగిన్నె! పిల్ల ఒకటే ఏడుపు. 'ఏడవకే, ఆవిడ స్వర్గానికి పీచ్ పళ్లు తినడానికి వెళ్లింది' అని ఆయనే ఊరుకోబెట్టాడు. ఆ తర్వాత రెండుసార్లు అలాగే అయింది. చూశారా, ఆ తల్లికి మా పిల్లంటే అప్పటి నించీ పడదు."

తాన్ కళ్లు పూర్తిగా మూతపడ్డాయి. వాటిని తెరవకుండానే, "పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" అన్నాడు.

"నా మెళ్లోనే. రెండుసార్లు తప్ప. రెండో నెలలో మందిరం కప్పు కారితే, పెంకులు మార్చేదాకా ఇరవై రోజులు పెట్టెని ఫాంగ్ గారింట్లో ఉంచారు. చెమ్మ పట్టకుండా గాలికి పెట్టాలంటే చెవి కూడా ఇచ్చాను. మళ్లీ పండక్కి ముందు మూడు రోజులు నేను ఉపవాసం. ఆ మూడు రోజులూ చెవి సంఘం పెద్ద దగ్గర ఉండడం ఆచారం."

"జాడీ మాయమైందని మీరెవరూ అనలేదేం?"

"జాడీ ఎక్కడికి పోయింది? జాడీ అక్కడే ఉంది కదండీ," అన్నాడు లువో.

*

మందిరం దాకా నడిచిన దారి క్వాంగ్‌కి తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా సరిగ్గా గుర్తుకు రాలేదు. బట్టీల పొగా నది మంచూ కలిసి వీధి అంతా పాలు ఒలికినట్టుంది. వాగుల పక్కన నీటిచక్రాల రోకళ్లు రాయి దంచుతున్నాయి, ధన్ ధన్ అని, ఊరు గుండె కొట్టుకున్నట్టు. పొడవాటి పలకల మీద పచ్చిగిన్నెలు పేర్చుకుని భుజాన మోసుకెళ్లే మనుషులు మంచులోంచి పుట్టి మంచులోకే పోతున్నారు. ఆ గుంపులో తామరకాడ పట్టుకున్న ఆడమనిషి ఎవరైనా ఉందేమోనని క్వాంగ్ ప్రతి మొహమూ చూశాడు. ఉల్లికాడల కట్ట పట్టుకున్న ముసలమ్మ ఒకావిడ మాత్రం కనిపించింది. ఎందుకైనా మంచిదని ఆవిడకే దండం పెట్టాడు. "నీకేం మాయరోగం రా?" అంది ఆవిడ.

జాడీ బల్ల మీద ఉంది. మోకాలంత ఎత్తు, సన్నటి నడుము. పై బుర్ర మీద కొంగలు మబ్బుల్లో ఎగురుతున్నాయి, కింది బుర్ర మీద సముద్రం. ఇనప కర్ర లీ తన కర్ర మీదే కూర్చుని తేలుతున్నాడు. ముసలి జాంగ్ గాడిద మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు. లూ సిద్ధుడి గడ్డం ఒక్క ఊపిరిలో లాగిన గీత, వీపున కత్తి. చూస్తున్న కొద్దీ ఆ నీలం లోపలికి లాగేస్తోంది. అల చప్పుడు వినిపించినట్టే అనిపించింది క్వాంగ్‌కి. అలా తిరిగి తిరిగి వస్తే మబ్బుల మధ్య ఆడమనిషి ఆకారంలో ఒక తెల్లటి ఖాళీ.

"గురూగారూ, పాదం ఇక్కడ తీసి అక్కడ వేసినట్టే ఉంది," అన్నాడు క్వాంగ్.

తాన్ జాడీని పడుకోబెట్టి అడుగున చూశాడు. మెరుగు పూత లేని అంచుని వేలితో గీకి, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. తర్వాత కళ్లు మూసుకుని ఆ తెల్లటి ఖాళీ మీద వేళ్లు నడిపించాడు, గుడ్డివాడు మొహం తడిమినట్టు. ఆయన మొహంలో నెమ్మదిగా చిరునవ్వు విరిసింది.

"క్వాంగూ, నువ్వూ తడుము."

క్వాంగ్ తడిమాడు. సూదిమొన పోటంత గరుకులు వేలికి తగిలాయి. మెరుగు మీద కంటికి ఆనని చిన్న చిన్న గుంటలు. "పొక్కులండీ. బట్టీలో అవుతుంటాయిగా."

"అవుతుంటాయి. కానీ ఇంత వరసలో అవుతాయా?"

అంతలో సంఘం పెద్ద ఫాంగ్ వచ్చాడు. నున్నటి మొహం, పట్టు చొక్కా, మాట్లాడే ముందు గొంతు సవరించుకునే అలవాటు.

"సిద్ధుల విషయంలో డిటెక్టివులకి పనేమిటండీ?" అన్నాడు.

"ఆవిడ ఏ వైపు వెళ్లిందో కనుక్కుందామని," అన్నాడు తాన్ మర్యాదగా. "మీరూ చిత్రకారులేనా?"

"నలభై ఏళ్లు నీలం నింపాను. నా చేతి కిందికి రాని పాత్ర లేదు."

"అబ్బో. ఇంకేమైనా చేశారా? మట్టి పిసకడం, బట్టీ పేర్చడం?"

ఫాంగ్ మొహం చిట్లించాడు. "నేనా? ఎవడి పని వాడిది. ఒకడి పని ఇంకొకడు ముట్టుకుంటే ఈ ఊళ్లో గొడవలైపోతాయి." గొంతు సవరించుకున్నాడు. "చూడండీ, లువో నా తమ్ముడి లాంటివాడు. కానీ ఆ పిల్లని అదుపులో పెట్టమని ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు ఆ తల్లే చెప్పింది. నేను చేసేదేముంది?"

*

సుచిన్ తండ్రి ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ల పిల్ల. చేతిలో పచ్చిగిన్నె ఉంది గానీ కుంచె గోడకి ఆనించి ఉంది.

"గీయడం లేదేం అమ్మాయ్?" అన్నాడు తాన్.

"ఎల్లుండి ఎలాగూ మానాలి. అలవాటు చేసుకుంటున్నాను."

"జాడీ చూశావా?"

"చూశాను."

"ఏమనిపించింది?"

ఆమె గిన్నెని చేతుల్లో ఒకసారి తిప్పింది. "ఏమనిపిస్తుంది బాబాయ్? ఆవిడ పీచ్ పళ్లు తినడానికి వెళ్లి ఉంటుంది."

"ఎవరు చెప్పారు నీకు ఆ మాట?"

సుచిన్ ఉలిక్కిపడి గిన్నె కింద పెట్టేసింది. "ఎవరూ లేదు. నా మాటే." ఆ తర్వాత తాన్ ఏమడిగినా ఆమె నోరు విప్పలేదు. వాళ్లు గడప దాటుతుంటే మాత్రం వెనక నించి అంది: "నా కుంచె పోతే పోనీండి. దీన్ని ఇంతటితో వదిలేయండి బాబాయ్."

"వింత పిల్లండీ," అన్నాడు క్వాంగ్ వీధిలోకొచ్చాక. "మనం కాపాడతామంటే వద్దంటుందేం?"

"తనని కాపాడొద్దంటోందా, ఇంకెవరినైనా కాపాడుకుంటోందా అన్నదే నేనూ అనుకుంటున్నాను," అన్నాడు తాన్.

లువో చెప్పిన ఆ పెయ్ జోంగ్‌ఆన్, సంఘం ముసలివాళ్లకిచ్చే గదుల్లో ఉంటున్నాడు. డెబ్బై ఆరేళ్లు. ఒకప్పుడు లూ సిద్ధుడి గడ్డాన్ని ఒక్క ఊపిరిలో లాగగలిగిన చెయ్యి ఊరు మొత్తానికీ ఆయనదొక్కటేనట. ఆ చెయ్యి ఇప్పుడు టీ గిన్నె పట్టుకుంటే మూత టకటకలాడుతోంది.

"కుంచె పట్టి ఎన్నాళ్లయింది తాతా?" అన్నాడు క్వాంగ్.

"చాలా కాలం నాయనా, చాలా కాలం. ఈ చేతులు చూడు."

"కుంచె ఆనగానే వణుకు ఆగిపోయే చేతులుంటాయని విన్నాను," అన్నాడు తాన్.

మూత ఇంకా గట్టిగా టకటకలాడింది. "సంఘం కూడు తింటున్నాను. సంఘం గదిలో పడుకుంటున్నాను. రేపు పోతే సంఘం కొండ మీదే పాతిపెట్టాలి. నన్నేం అడక్కండయ్యా." ముసలాయన గోడ వైపు తిరిగిపోయాడు. "ఆ పిల్ల ఏడుస్తోందా?"

"లేదు తాతా," అన్నాడు క్వాంగ్. "ఏడవడం లేదు."

"ఏడిచినా బాగుండేది," అన్నాడు పెయ్, గోడతో.

ఆ సాయంత్రం తాన్ క్వాంగ్‌ని ఫాంగ్ గారి పెరటికి పంపించాడు. "సరుకు బుట్టలు చూసి రా. వారం రోజులుగా నదిలో నీళ్లు చాలక పడవలన్నీ ఇసుకలో కూర్చున్నాయి. ఊళ్లోంచి ఏదీ బయటికి పోలేదు."

క్వాంగ్ పంటి నొప్పికి మందిస్తానంటూ పెరట్లో దూరి, ఒక కూలివాడి నోట్లో గంట సేపు చూసి వచ్చాడు. "ఏముందండీ, ఫాంగ్ గారి కార్ఖానాలో చేసేవి చిట్టి సారా గిన్నెలే కదా, అవే పన్నెండు బుట్టలు, గడ్డి చుట్టి కట్టినవి. పదకొండు బిగుతుగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం పొట్ట వేలాడేసుకుని, మా మావయ్యలా వదులుగా ఉంది."

"గడ్డి రంగు?"

"పదకొండింటిదీ ముదురు పసుపు. దానిది తెల్లగా, పెళుసుగా."

తాన్ క్వాంగ్ భుజం తట్టాడు. ఆరేళ్లలో అది మూడోసారి. తర్వాత పడుకుని మర్నాడంతా నిద్రపోయాడు. సభ రోజు పొద్దున్నే కొండల మీద వాన మొదలైంది. ఇసుకలో కూర్చున్న పడవలు ఒక్కొక్కటే మెల్లిగా కదలసాగాయి.

"గురూగారూ, నీళ్లొచ్చేస్తున్నాయి! బుట్టలు మధ్యాహ్నానికి ఎక్కించేస్తారు!"

"మనకి అంతసేపు అక్కర్లేదు," అన్నాడు తాన్, చొక్కా తొడుక్కుంటూ. "నువ్వు వెళ్లి గడ్డి కట్టేవాళ్ల మేస్త్రీని మందిరానికి పిలుచుకురా. ఆ వదులు బుట్ట కూడా. ఎవరైనా అడ్డొస్తే, వాళ్ల పని ఇంకెవరో చేశారని ఆ మేస్త్రీ చెవిలో ఒక్క మాట వెయ్యి. మిగతాది ఆయనే చూసుకుంటాడు."

*

మందిరం నిండిపోయింది. తలుపుల బయట వాన తెరలు తెరలుగా పడుతోంది. లోపల అగరు పొగ జాడీ చుట్టూ తిరుగుతుంటే, నిజంగానే ఏడుగురూ మబ్బుల్లో నడుస్తున్నట్టున్నారు. సంఘంలో అందరికన్నా పెద్దవాడు, ఎనభై ఏళ్ల దూ తాత, ముందు వరసలో కూర్చున్నాడు. ఒక పక్క సుచిన్, తండ్రి. ఇంకో పక్క పెయ్. క్వాంగూ మేస్త్రీ బుట్టతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. జనం గుంపులో ఫాంగ్‌కి వాళ్లు కనబడలేదు.

ఫాంగ్ గొంతు సవరించుకున్నాడు. "మన తల్లి మనల్ని విడిచి వెళ్లింది..."

"వెళ్లలేదు," అన్నాడు తాన్.

ఆయన ఒక గిన్నెలో దీపం మసి, టీనీళ్లు కలిపాడు. గుడ్డ ముంచి జాడీ మీద ఖాళీ చోట రుద్దాడు. తర్వాత తడిగుడ్డతో మెల్లిగా తుడిచాడు.

మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత నల్లటి చుక్కలు, చీమల బారులా. ఒక బారు కొప్పయింది. ఒక బారు జారిన భుజమైంది. చివరికి చేతిలో తామరకాడ. మంచులోంచి నడిచొచ్చిన మనిషిలా, మసకమసకగా, హె కన్య తన చోట తను నిలబడింది.

జనం లేచి నిలబడ్డారు. ఇద్దరు ముసలివాళ్లు మోకాళ్ల మీద కూలబడ్డారు. క్వాంగ్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో అతనికీ తెలియదు.

"దండాలు తర్వాత," అన్నాడు తాన్. "ముందు నా మాట వినండి. మీరు నీలంతో గీసేటప్పుడు అది నీలంగా ఉంటుందా?"

"ఎలా ఉంటుంది? నల్లగా, మసిలా ఉంటుంది," అన్నాడు దూ తాత. "బట్టీలో కాలాకే నీలం తేలుతుంది. పసిపిల్లలకీ తెలుసు."

"మరి నీలానికి బదులు మసి సిరాతో గీస్తే?"

దూ తాత జాడీ మీదికి వంగి చూశాడు. "పచ్చిపాత్ర మీద తేడా తెలియదు. బట్టీలో సిరా కాలి పోతుంది. తెల్లగా వస్తుంది."

"కాలేటప్పుడు ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరి పైనున్న మెరుగులో సూదిమొనంత గుంటలు చేస్తుంది. ఏడుగురిని నీలంతో గీశారు, ఎనిమిదో ఆవిడని సిరాతో. నాలుగొందల ఏళ్లు కంటికి కనిపించిన మనిషి సిరా బొమ్మ ఎలా అవుతుంది? అంటే ఇది మీ జాడీ కాదు. అడుగు అంచు చూడండి. ఏడాదికోసారి టీనీళ్లు తాగిన మట్టి లోపలిదాకా గోధుమరంగు ఎక్కాలి. దీని రంగు నా వేలికి అంటుకొచ్చింది. రుచి కూడా చూశాను. టీ నిన్నమొన్నటిది, పైగా చవకరకం."

ఫాంగ్ నవ్వాడు. "అలాగైతే అసలుది ఎవరు తీసినట్టు? కాపలా లువోది, గీసే చెయ్యి ఆ పిల్లది. ఇంకా వెతకడం ఎందుకు?"

"నకలు గీయాలంటే అసలు జాడీ రోజుల తరబడి ముందుండాలి. రెండో నెలలో ఇరవై రోజులు పెట్టే, తాళంచెవీ రెండూ ఎవరింట్లో ఉన్నాయి? మార్చడానికి వీలైన మూడు రోజులు చెవి ఎవరి మొలలో ఉంది?" తాన్ సుచిన్ వైపు తిరిగాడు. "ఈ పిల్లకి జాడీ చూసిన రోజే అర్థమైపోయింది. చిన్నప్పుడు దీనికోసం సిరాతో హె కన్యని గీసి, బట్టీలో మాయం చేసి, పీచ్ పళ్ల కథ చెప్పి నవ్వించిన చెయ్యి ఎవరిదో దీనికి తెలుసు. ఆ పేరు చెబితే తన కుంచె నిలబడుతుంది. చెప్పలేదు."

తాన్ ఎవరి వంకా చూడలేదు. అప్పుడు పెయ్ బల్ల పట్టుకుని లేచాడు.

"పెదనాన్నా, కూర్చో!" అని అరిచింది సుచిన్.

"కూర్చునే ఇంతదాకా తెచ్చానే తల్లీ." ముసలాయన జనం వైపు తిరిగాడు. "నేనే గీశాను. పూజకి నకలు పెడదాం, అసలుది భద్రంగా దాద్దాం అన్నాడు ఫాంగ్. కాదంటే గది ఖాళీ చెయ్యమన్నాడు. ఆ జాడీ ఏ దొరగారికో పోతోందని నాకు వాసన తగిలింది. మాటతో ఎదిరించే దమ్ము లేక కుంచెతో ఎదిరించాను. ఆవిడ లేకపోతే నకలని అందరికీ తెలిసిపోతుంది అనుకున్నాను. పచ్చిజాడీ ఫాంగ్ చూశాడు, ఎనమండుగురూ ఉన్నారు, భేష్ అన్నాడు. పండక్కి వారం ముందు బట్టీ తెరిచేసరికి ఏడుగురు. రెండోది కాల్చే వ్యవధి లేదు, పండగ నెత్తి మీదుంది. కానీ వీడు నాకన్నా తెలివైనవాడు. ఆవిడ లేచిపోయిందన్నాడు, ఈ పిల్ల వల్లే అన్నాడు. నేను వేసిన ఎత్తు నా బిడ్డ మెడకే చుట్టాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను."

"మతిపోయిన ముసలాడి మాటలు," అన్నాడు ఫాంగ్. "ఏదీ, ఆ అసలు జాడీ ఏదీ? చూపించండి!"

"క్వాంగూ," అన్నాడు తాన్.

జనం దారిచ్చారు. క్వాంగ్ బుట్టని మధ్యలో దింపాడు. గడ్డి కట్టేవాళ్ల మేస్త్రీ దాన్ని వేలితో పొడిచి, సభ మర్యాద కూడా మరిచిపోయి పకపకా నవ్వాడు.

"పొడి గడ్డి! పొడి గడ్డితో కట్టాడమ్మా మహానుభావుడు! తడిపి కడితే కదయ్యా, ఆరుతూ అదే బిగుసుకుంటుంది. ఇది పడవెక్కితే మొదటి మలుపులోనే ముక్కలు. ఎవడీ వెధవ?"

"నలభై ఏళ్లు నీలం నింపినాయన," అన్నాడు తాన్. "ఈ ఊళ్లో ఒక్కొక్కరికి ఒక్కటే పని తెలుసు. దొంగసొత్తు కట్టడానికి మిమ్మల్ని పిలిస్తే, సారా గిన్నెల మధ్య ఇంత పొట్ట ఉన్నదేమిటని అడుగుతారు. అందుకని తనే కట్టాడు. గడ్డి తడపాలని ఆయనకెవరు చెబుతారు?"

మేస్త్రీ కత్తితో గడ్డి కోశాడు. లోపల్నించి, వర్షం వెలుతురులో, లోతైన నీలం కనిపించింది. ఎనమండుగురూ సముద్రం మీద ఉన్నారు. లువో దాని ముందు కూలబడి, ఏడుస్తూ, ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టాడు. ఎనిమిదయ్యాక మళ్లీ మొదలుపెట్టాడు.

ఫాంగ్ గొంతు సవరించుకుంటూ గుమ్మం వైపు జరిగాడు. నలుగురు అతన్ని పట్టుకుని వానలోనే మేజిస్ట్రేటు కచేరీకి నడిపించుకెళ్లారు.

దూ తాత కర్రతో నేల మీద తట్టాడు. "సుచిన్ విషయంలో సంఘం తప్పు చేసింది," అన్నాడు. "కానీ పెయ్, మనసులో ఏమున్నా నకలు గీసింది నీ చెయ్యే. అందరి ముందూ నేరం ఆ పిల్ల మీద పడుతుంటే ఊరుకున్నావు. మూడేళ్లు నీకు కుంచె లేదు. సంఘం గదీ లేదు."

"న్యాయమే," అన్నాడు పెయ్.

సుచిన్ లేచింది. "తాతా, నా కుంచె లాక్కుంటామంటే నేను నోరెత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను. గది మా ఇంట్లో ఉంది. నాకు నీలం నూరడానికి ఒక మనిషి కావాలి. నూరడానికి కుంచె అక్కర్లేదు కదా?"

"నీకు నీలం ఎందుకే? నువ్వింకా సంఘంలో చేరందే..." దూ తాత ఆగిపోయాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత ఇంకొకరు. ముసలాయన మొహం ఎర్రబడింది. "సరే, సరే. ఇవాళ్టి నించి నువ్వూ సంఘంలోనే. బల్ల ఎక్కడ వేసుకుంటావో చెప్పి ఏడు. మగాళ్ల మధ్య వేసుకుంటావా, దూరంగానా?"

"వెలుతురు ఎక్కడుంటే అక్కడ."

పెయ్ మందిరం మూలనున్న నీలం నూరే రాయి దగ్గరికి నెమ్మదిగా నడిచాడు. చొక్కా చేతులు మడుచుకున్నాడు. నలభై మందికి గురువైన మనిషి, గంభీరంగా నడుం వంచి అడిగాడు:

"ఎంత మెత్తగా నూరమంటారు, గురువుగారూ?"

సుచిన్ అప్పుడు ఏడ్చింది. మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ, గొంతు గట్టి చేసుకుని చెప్పింది:

"నేను చాలనేదాకా నూరు పెదనాన్నా. అంత తొందరగా అననులే."